మూడో సూది

ఆ సూది నా చేతిలోంచే జారిందని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు. మొన్న భీమడోలులో మా రైలుపెట్టెలోకి ఒకామె బాగా మాగిన అరటిపళ్ల గంప ఎక్కించింది. ఎండకి ఆ వాసన పెట్టంతా నిండిపోయింది. అందరూ కిటికీల వైపు జరిగారు. నేను మాత్రం గంప పక్కనే కూర్చుండిపోయాను. విమానం రెక్కల మీది గుడ్డ బిగుసుకోవడానికి పూసే మందు వాసన సరిగ్గా అలాగే ఉంటుంది. ఆ వాసన వెంటే ఖాదరు గారు వచ్చారు.

ఏలూరులో ఆయనది మా వీధే. చిన్నతనంలోనే చెన్నపట్నం వెళ్లి మోటారు పనీ, ఆ తర్వాత విమానం పనీ నేర్చుకున్నారు. జనాన్ని ఎక్కించుకుని ఊరూరా తిరిగే ఒక చిన్న విమానానికి ఆయన ఇంజనీరు. రోజూ దాన్ని ముక్కు నుంచి తోక దాకా తడిమి చూసి, పుస్తకంలో ఆయన సంతకం పెడితేనే అది ఎగరాలి. సెలవుకి వచ్చినప్పుడల్లా మా నాన్న కుట్టుకొట్టు అరుగు మీద కూర్చునేవారు. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నేను మిషను వెనక పుస్తకం దాచుకుని చదువుకునే పిల్లని; ఎవరైనా పలకరిస్తే తల వంచుకునేదాన్ని. ఖాదరు గారు నన్ను మాట్లాడించాలని చూసేవారు కారు. నేను కుట్టిన కాజాలు వెలుగుకి పట్టి, "ఇవి ఎవరు కుట్టారండీ?" అని నాన్నని అడిగేవారు. "మా సుభద్రేనండీ. నాకు చూపు ఆనడం లేదు కదా, దారం కూడా అదే ఎక్కిస్తుంది" అనేవారు నాన్న. ఆయన "ఊఁ" అని ఇంకోసారి చూసేవారు. నా వైపు ఎవరైనా అంత శ్రద్ధగా చూడటం నాకు తెలిసి అదొక్కటే.

ఆరేళ్ల కిందట ఆ విమానం తాడేపల్లిగూడెం వచ్చింది. కోతలైన చేను చదును చేసి అక్కడ దించారు. రెండోరోజు ఇంజను మోతకి బెదిరిన బండెద్దొకటి తాడు తెంచుకుని వచ్చి కింది రెక్కలో కొమ్ము గుచ్చింది. గుడ్డ మూరెడు చిరిగింది. చెన్నపట్నం నుంచి మనిషిని రప్పించే వ్యవధి లేదు. ఖాదరు గారు మాకు కబురంపారు. మర్నాడు పొద్దుటి రైల్లో నాన్నా నేనూ వెళ్లాం.

చూపు ఆనక నాన్న బయటే కూర్చున్నారు. గుడారంలో ఖాదరు గారు ఒక రేకుడబ్బా తెరిచి మూడు వంపు సూదులు నా అరచేతిలో పెట్టారు.

"ఎన్ని?"

"మూడు."

"నాకు వినపడలేదమ్మా."

"మూడండీ."

"పనయ్యాక మూడూ ఈ డబ్బాలోనే వెయ్యి. అంగుళానికి ఎనిమిది కుట్లు. నీకేం తొందర లేదు."

తొందరంతా బయట ఉంది. కొల్లేటి లంకల నుంచి పడవల మీదా, ఉంగుటూరు వైపు నుంచి బండ్ల మీదా వచ్చిన జనం. విమానం మేనేజరు మాటిమాటికీ తెర ఎత్తి చూస్తున్నాడు. "ఏమ్మాయ్, పెళ్లిరవిక కుడుతున్నావా ఏంటి?" అన్నాడు. నా ముఖం వేడెక్కింది. దారం తెంపి సూది మార్చుకోబోతుంటే ఒకటి వేళ్ల మధ్య నుంచి జారి, చిరుగులోంచి రెక్క లోపలికి పోయింది. చప్పుడైనా కాలేదు. చెప్పాలనుకున్నాను. కానీ చెప్పకుండానే చివరిదాకా కుట్టేసి, రెండు సూదులు డబ్బాలో వేసి మూత పెట్టాను. ఖాదరు గారు కుట్టు మీద పట్టీ అతికి మందు పూశారు.

"మూడూ వేశావా అమ్మా?"

తల ఊపాను.

మందు ఆరేసరికి మధ్యాహ్నమైంది. మేనేజరు నాన్నని వెంటబెట్టుకుని వచ్చాడు. మా పనికి మెచ్చి, మొదటి విడతలోనే ఆయన్ని ఎక్కిస్తానన్నాడట. నాన్న గాలికి ఎగిరిపోకుండా తలపాగా బిగించుకుంటున్నారు. "సుభద్రా, కొల్లేరంతా ఒక్కసారే కనిపిస్తుందటే!" అన్నారు. బతుకంతా మిషను మీదికి వంగి ఉన్న మనిషి. ఆ ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

ఖాదరు గారు పుస్తకం తెరిచి కలం సిరాలో ముంచారు. ముంచిన కలం పక్కన పెట్టి రేకుడబ్బా మూత తీశారు. నన్ను నమ్మక కాదు, ఆయన పద్ధతే అది. లోపలికి చూశారు. తర్వాత నన్ను చూశారు. నేను నేల చూపులు చూశాను.

"ఇప్పుడు ఎగరదండీ," అన్నారు మేనేజరుతో. "కుట్టు నాకు నచ్చలేదు. విప్పాలి."

"ఇందాక బాగుందన్నావుగా? ఇంతమందికీ నేనేం చెప్పేది?"

"నా పేరు చెప్పండి."

"సంతకం పెట్టకపోతే నీ ఉద్యోగం ఉండదయ్యా, చూసుకో."

"అలాగేనండీ" అని ఆయన కత్తెర అందుకున్నారు.

కబురు బయటికి పాకింది. "రవికలు కుట్టేవాళ్లచేత రెక్కలు కుట్టిస్తే ఇంతేరా!" అని ఎవరో అరిస్తే జనం గొల్లుమన్నారు. నాన్న తలపాగా విప్పి భుజాన వేసుకుని, నా వైపు చూడకుండా గుడారం దాటి వెళ్లిపోయారు. తప్పు కుట్టుది కాదని ఒక్కమాట అనాల్సింది. అనలేదు.

ఖాదరు గారు రెక్కలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి చాలాసేపు వెతికారు. చివరికి పిడికిలి మూసి బయటికి తీసి, జేబులో పెట్టుకున్నారు. "లోపల కప్పీల మీద తీగెలు తిరుగుతుంటాయమ్మా. వాటిలో ఇది చిక్కుకుంటే పైలటు ఎంత లాగినా విమానం మాట వినదు" అన్నారు, నాకొక్కదానికే వినపడేలా. నేను మళ్లీ కుట్టాను. మందు ఆరి ఆయన సంతకం పెట్టేసరికి పొద్దు వాలింది. జనం తిట్టుకుంటూ వెళ్లిపోయారు. మేనేజరు వేరే ఇంజనీరు కోసం తంతి కొట్టించి, ఆయన్ని పెట్టె సర్దుకోమన్నాడు.

నాన్న మళ్లీ విమానం మాట ఎత్తలేదు. కానీ ఆ రోజు నుంచి నేను కుట్టిన ప్రతి అతుకునీ వేలితో తడిమి చూసుకునేవారు. ఆ వేలు గుడ్డ మీద నడుస్తున్నంతసేపూ చెబుదామనే అనుకునేదాన్ని. నాన్న పోయి ఏడాదైంది. ఖాదరు గారు రంగూను వెళ్లారని విన్నాను. అంతకు మించి తెలియదు.

ఇప్పుడు నేను ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పుతున్నాను. గంట కొట్టినా సరే, సూదుల డబ్బాలు తెరిచి చూడందే ఎవరినీ పంపను. ఒకటి తగ్గితే ఏ పిల్ల ముఖమూ చూడను. "రండమ్మా, గుడ్డలన్నీ విప్పుదాం" అంటాను. ఆ పాత సూది నా డైరీలో ఆ రోజు పేజీకి గుచ్చి ఉంది. పేజీలో అక్షరం లేదు.

దాన్ని ఖాదరు గారు ఆ రాత్రే తాడేపల్లిగూడెం స్టేషనులో నాకిచ్చారు. మేం ఏలూరు బండి కోసం, ఆయన కలకత్తా వైపు బండి కోసం నిలబడి ఉన్నాం. నాన్న దూరంగా బల్ల మీద అటు తిరిగి కూర్చున్నారు. ఖాదరు గారి బండే ముందు వచ్చింది. కాగితంలో చుట్టిన సూది నా చేతిలో పెట్టి, పెట్టె ఎక్కి, తలుపు దగ్గర నుంచి వంగి అన్నారు.

"నీ కుట్టులో తప్పు లేదమ్మా. ఆ మాట మీ నాన్నగారికి నువ్వే చెప్పు."