ఆ తూటాయే కావాలన్నాను

మొన్న పక్కింటి అమ్మాయి పసిపిల్లను చంకనేసుకుని వచ్చి, మన వీధిలో ఎవరింట్లోనో బంగారం పోయిందట ఆంటీ, మేమూ ఒక గన్ కొనుక్కుందామనుకుంటున్నాం, మీకు వాటి గురించి తెలుసటగా, ఏది మంచిది అని అడిగింది. పెళ్లికి ఏ చీర కట్టుకోమంటారని అడిగినంత తేలిగ్గా అడిగిన ఆ పిల్లకు, ముందు తలుపులకు మంచి తాళాలు వేయించుకోమని చెప్పి పంపేశాను గాని, ఆ రోజంతా నా మనసు మనసులో లేదు. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, రెండువేల ఒకటి తర్వాత ఇక్కడ మనవాళ్ల ఉద్యోగాలు ఊడిపోయిన ఆ కాలం. మా వారి కంపెనీ కూడా అప్పుడే మూతపడితే, ఇక ఎవరి కిందా పనిచేయనని పంతం పట్టి, మా పక్క ఊరు బాతెల్ దాటాక రోడ్డు పక్కనున్న ఒక గ్యాస్ స్టేషన్, దానికి ఆనుకున్న చిన్న కొట్టు తీసుకున్నారు. ల్యాబ్‌లో రోజంతా పైపెట్ నొక్కి నొక్కి మణికట్టు పాడుచేసుకున్న నేను ఇంటికొచ్చేసరికి, ఆయన ఆ రోజు కొట్టుకు వచ్చినవాళ్ల కబుర్లన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవారు. అంత సంతోషంగా ఆయన కంపెనీ కబుర్లు ఏనాడూ చెప్పలేదు.

ఒక వాన మధ్యాహ్నం ఇద్దరు కుర్రాళ్లు ఆ కొట్టులోకి వచ్చారు. గల్లాపెట్టెలో ఉన్నదంతా తీసి ఇచ్చేశాక కూడా ఒకడు మా వారిని కాల్చాడు. రెండోవాడు నేలమీద పడివున్న మనిషిని దాటుకుంటూ వెళ్లి, ఫ్రిజ్ తెరిచి, కూల్‌డ్రింక్ సీసా ఒకటి తీసుకుని, కాల్చినవాడి వైపు తిరిగి నవ్వాడు. కెమెరాకు చిక్కిన ఆ నవ్వును నేను కోర్టులో చూశాను. కాల్చినవాడు జీవితాంతం జైల్లోనే ఉండాలన్నారు. నవ్వినవాడు స్నేహితుడి మీద సాక్ష్యం చెప్పి కొద్దిపాటి శిక్షతో గట్టెక్కాడు. అదే కోర్టులో పోలీసాయన చెప్పగా విన్నాను, మా వారి ఒంట్లోంచి తీసినది నైన్ మిల్లీమీటర్ తూటా అని. గుళ్లో ఆడవాళ్లంతా చేతులు పట్టుకుని, కాలమే మరిపిస్తుంది వదినా అనేవారు. నేను తల ఊపుతూ లోపల ఆ మాటనే జపించేదాన్ని, నైన్ మిల్లీమీటర్, నైన్ మిల్లీమీటర్ అని.

నవ్వినవాడు బయటికి రాకముందే, ఇంట్లో ఒంటరిగా భయంగా ఉంటోందని చెప్పి, మా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని తుపాకుల షాపుకు వెళ్లాను. తెల్లగడ్డం పెద్దాయన ముందు ఒక పిస్టల్ చేతికిచ్చాడు. దాని పైభాగాన్ని వెనక్కి లాగి వదిలితేగాని తూటా లోపలికి ఎక్కదు, నా మణికట్టుకేమో అది ఎంతకీ రాలేదు. అయితే మీకు రివాల్వరే సుఖం అని ఆయన ఇంకొకటి తీసి, అందులో పట్టే తూటాలు కూడా బల్లమీద పెట్టాడు. అవి వేరే రకం.

"నాకు నైన్ మిల్లీమీటరే కావాలి," అన్నాను.

"అది పిస్టల్ తూటా, మేడమ్."

"తెలుసు. దాన్ని పేల్చే రివాల్వర్ లేదా?"

"అక్కా, ఆయన చూపించింది తీసుకోరాదూ? ఏదైతే ఏంటి, సేఫ్టీకేగా!" అన్నాడు తమ్ముడు.

వాడికేం చెప్పను? మా వారి ప్రాణం తీసినది ఏ జాతిదో, ఆ నవ్వినవాడి ఒంట్లోకీ ఆ జాతిదే దిగాలన్నది నా పంతం. పెద్దాయన లోపలికి వెళ్లి రెండు తెచ్చాడు. పిస్టల్ తూటా అడుగున అంచు ఉండదు కనుక, పువ్వులాంటి పల్చటి ఉక్కు బిళ్లకు తూటాలన్నీ తగిలించి, బిళ్లతో సహా ఒక్కసారే లోపల పెట్టాలని చూపించాడు. రెండింట్లో తేలికైనది పేల్చినప్పుడు చేతిని అదరగొడుతుందనీ, బరువైనది దెబ్బను తనలోనే కొంత మింగేస్తుందనీ చెబితే, బరువైనదే తీసుకున్నాను. ఆదివారాలు గుడి మానేసి షూటింగ్ రేంజ్‌కు వెళ్లడం మొదలుపెట్టాను. ఎదురుగా వేలాడే కాగితం మీద, తల ఉండే చోట, నాకు ఆ నవ్వే కనిపించేది.

వాడు విడుదలయ్యాడు. ఎక్కడున్నాడో కనుక్కోవడం కష్టం కాలేదు, కార్‌వాష్‌లో పనికి కుదిరాడు. రివాల్వర్‌ను హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని, కార్‌ను నేరుగా వాడి ముందుకే డ్రైవ్ చేశాను. లోపల కూడా క్లీన్ చేయాలా మేడమ్ అని మర్యాదగా అడిగాడు. నన్ను గుర్తుపట్టలేదు. నా చెయ్యి బ్యాగ్‌లోనే ఉంది. మా వారి పేరు చెప్పి, ఆయన భార్యనని అన్నాను.

వాడి చేతిలోని గుడ్డ జారిపోయింది. వాడి చూపు నా ముఖం మీద నుంచి బ్యాగ్‌లోకి దూరిన చేతి మీదికి దిగి అక్కడే ఆగిపోయింది. ఆ భయాన్ని చూశాక నాకు తెలిసింది, ఇప్పుడు కాల్చేస్తే వీడికి ఈ భయం నిమిషంలో తీరిపోతుందని. నాకేమో అది తీరకూడదు.

"కార్ కడుగు," అన్నాను.

కడిగాడు. ఆ తర్వాత ప్రతి శనివారం వెళ్లాను. ఒక్క మాట మాట్లాడకుండా, బ్యాగ్ ఒళ్లో పెట్టుకుని, అద్దంలోంచి వాడినే చూస్తూ కూర్చునేదాన్ని. వాడు మనిషి చిక్కిపోయాడు. అక్కడ మానేసి టైర్ల షాపులో చేరితే అక్కడికీ వెళ్లాను. చివరికి ఒకరోజు కిటికీ దగ్గరికి వచ్చి, కళ్లనీళ్లతో అన్నాడు.

"షూట్ చేసేయండి మేడమ్, లేదా రావడం ఆపేయండి. ప్లీజ్."

"టైర్లలో గాలి చూడు," అన్నాను.

ఆ తర్వాతి వారానికి రాష్ట్రమే వదిలి వెళ్లిపోయాడట. జాలి పడ్డావా అని మీరడిగితే, లేదు. ఈనాటికీ లేదు.

ఇప్పుడు ఆ గ్యాస్ స్టేషన్ లేదు, అక్కడ అపార్ట్‌మెంట్లు లేచాయి. ఆ రోజుల్లో ఈ ఊళ్లో తెలుగువాళ్లం కొద్దిమందిమే అయినా ఒకరి గడప ఒకరికి తెలుసు. మా వారు పోయినప్పుడు నా ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వకుండా వంతులేసుకుని వండిపెట్టిన ఆ ఇళ్లవాళ్లు, పిల్లల దగ్గరికనీ ఇండియాకనీ తలో దిక్కూ వెళ్లిపోయారు. ఇప్పుడు వీధి నిండా తెలుగే వినిపిస్తుంది గాని, మా వారి పేరు చెబితే ఎవరాయన అని అడుగుతారు. ఆయన్ను తలుచుకోకుండా పొద్దు గడవనివాళ్లం బహుశా ఈ భూమ్మీద ఇద్దరమే మిగిలాం, ఒకరు నేను, ఇంకొకడు వాడు. నాకంటే చిన్నవాడు గనుక, నా తర్వాత కూడా చాలాకాలం వాడికి ఆయన గుర్తుంటారు.