దగ్గరికి తెచ్చే లెన్స్

సుబేదారిలోని సర్కారు ఆఫీసు గుమాస్తా సారంగపాణికి జూమ్ లెన్స్ కొనడమంటే పెళ్లిచూపులే. ఎన్ని చూసినా ఏదో ఒక వంక. నర్సయ్య కెమెరాల కొట్టుకు వస్తాడు, లెన్సును అటూ ఇటూ తిప్పుతాడు, చొక్కా అంచుతో తుడుస్తాడు, "బరువున్నది" అని పెదవి విరిచి పోతాడు. ఇవాళ కడుపునొప్పని సెలవు పెట్టి మరీ వచ్చాడు. కొత్త లెన్సును కెమెరాకు బిగించి, గడపలో నిలబడి, రోడ్డవతలి మిర్చిబజ్జీల బండి మీదికి తిప్పి గొట్టం లాగాడు. బజ్జీ నములుతున్న తమ ఆఫీసు సూపరింటెండెంటు మొహం, మీసానికంటిన తునకతో సహా, వచ్చి కళ్లమీద పడింది. సారంగపాణి గబుక్కున చెప్పులు విడిచి సలాం కొట్టాడు. "కడుపునొప్పి జర తగ్గింది సార్!" అని అరిచాడు. అంతదాకా ఇటు చూడనే చూడని సూపరింటెండెంటు అప్పుడు చూశాడు. సారంగపాణి లెన్స్ ఊడదీసి కొట్టాయన చేతిలో పెట్టాడు.

"నర్సన్నా, ఇది మరీ దగ్గరికి తెస్తాంది. జర దూరం జరిపేది ఉంటే సూపెట్టు."