ఎద్దు కంటే ముందు వెళ్లిన చీటీ

మా లెసోతో కొండల్లో మగవాళ్లు గనులకు పోతే దుక్కి ఆడవాళ్లదే. మామొహాపి మొగుడు గనిలోనే పోయాడు. పన్నెండేళ్లుగా నాగలి తనే పట్టి దున్నుతోంది. నోరు మహా పదును. ఊరిపెద్ద దగ్గర పశువుల అమ్మకం చీట్లు రాసే నన్ను కూడా వదిలేది కాదు.

ఈ ఏడు చలికి జోడెడ్లలో ఒకటి చచ్చింది. ఒంటెద్దుతో దున్నడం కుదరదు కదా, మిగిలిన ఎర్రెద్దును అమ్మి రెండు కోడెదూడలు కొందామనుకుంది. బేరగాళ్లు వచ్చారు. ఒకడు పళ్లు చూసి, "సోమవారం వస్తా అక్కా" అని జాడ లేకుండా పోయాడు. ఇంకొకడు రెండుసార్లు జొన్నంబలి తాగిపోయి, పెళ్లానికి రంగు నచ్చలేదన్నాడు.

"ఏం, కప్పుకుంటుందా?" అంది మామొహాపి.

మూడోవాడు లెబుసా. పళ్లు చూడలేదు, బేరమాడలేదు. గుర్తుకోసం చేసిన చెవి కోత ఎటువైపని మాత్రం అడిగాడు.

"చీటీ లేందే పోలీసులు లారీని కదలనివ్వరక్కా. అది ముందు ఇప్పించు. గురువారం డబ్బు తెచ్చి తోలుకుపోతా."

ఎద్దూ చీటీ ఒకేసారి చేతులు మారాలి. ఆ మాటే ఆమెతో అన్నాను.

"చీటీ తీసుకున్నవాడు రాక ఏం చేస్తాడు, దాంతో దున్నుకుంటాడా? రాయి తమ్ముడూ."

రాశాను. ఎర్రెద్దు, నుదుట తెల్లమచ్చ, ఎడమచెవి కోత, అమ్మినది మామొహాపి. ముద్ర పడింది. ఆ రోజు నా చెయ్యి విరిగినా బాగుండేది.

గురువారం లారీ రాలేదు. ఆ పై గురువారమూ రాలేదు.

నిన్న పొద్దున అవతలి లోయ నుంచి నలుగురు గుర్రాల మీద వచ్చి, నన్ను వెంటబెట్టుకుని మామొహాపి ఇంటికి పోయారు. వాళ్ల ఎద్దులు ఆరు పోయాయి, దొంగలు కాపరిని చంపేశారు. మా వైపు అలాంటప్పుడు ఎవరూ ముందు పోలీసుల దగ్గరికి పోరు. కసాయి దగ్గర ఆ ఆరింటిలో ఒకదాని చర్మం దొరికిందట, ఎర్రది, తెల్లమచ్చది. దాంతోపాటు నేను రాసిన చీటీ.

"ఇది నీదేనా?" అన్నాడు వాళ్లలో పెద్దాయన, మామొహాపికి చీటీ చూపించి.

"నాదేనయ్యా. కానీ వాడు మళ్లీ రాలేదు. నేను ఎద్దునివ్వలేదు. కావాలంటే చూడండి, కొట్టంలోనే ఉంది."

ఆమె నోరు మూయాలనిపించింది. అప్పటికే కొట్టం తడిక తీసేసింది. పెద్దాయన ఎద్దు నుదురూ ఎడమచెవీ చూశాడు.

"నీది ఇక్కడే ఉంటే, నువ్వు అమ్మింది ఎవరిది?"

మామొహాపి నా వైపు తిరిగింది. "చెప్పు తమ్ముడూ. నీకు తెలుసు కదా."

నలుగురూ నన్నే చూశారు.

"ఆమె అమ్మానంది, నేను రాశాను," అన్నాను.

అందులో అబద్ధం లేదు. ఆమెను గుర్రాల ముందు నడిపించుకుంటూ కొండ దాటించారు. ఇంకా తిరిగి రాలేదు.