సైదమ్మ పేరిట చేటెడు బియ్యం

కోదాడ అంగట్లో పెత్రమాసకు వారం ముందు నుంచే కొత్త చేటలు అమ్మకానికి వస్తాయి. ఆ పచ్చి వెదురు వాసన ముక్కుకు తగిలిందంటే చాలు, రోడ్డు మీద నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే యాభై ఏళ్లు వెనక్కి, నేరేడుచర్లకూ గరిడేపల్లికీ నడుమ ఉన్న మా ఊళ్లోకి వెళ్లిపోతాను. వెనక నుంచి షేర్ ఆటోవాడు హారన్ మోగించి నాలుగు మాటలంటే గానీ మళ్లీ ఈ లోకంలో పడను.

పెత్రమాస అంటే బతుకమ్మ మొదలయ్యే నాటి అమావాస్య, చనిపోయినవాళ్లను తలచుకుని వాళ్ల పేరిట బియ్యం ఇచ్చే రోజు. పెద్దవాళ్లకు అది పెద్దల పండుగ, మాకేమో పూల పండుగ. పొద్దున్నే గట్ల వెంట గునుగూ తంగేడూ కోసుకుంటూ, కాలువ నీళ్లు నిండిన మడుల్లో మోకాలిదాకా దిగబడుతూ, పావడాలు బురద చేసుకుని ఇంటికొచ్చేసరికి వంటింట్లోంచి గుమ్మడికాయ కూర వాసన, నూనెలో గారెలు పొంగే చప్పుడు, పరమాన్నంలో బెల్లం కరిగే కమ్మదనం అన్నీ ఒక్కసారే మీద పడేవి. పెద్దలకు పెట్టకముందు గారె ముక్క కూడా దక్కదు గనక పొయ్యి చుట్టూ పిల్లుల్లా తిరిగేవాళ్లం. నాయినమ్మ తమలపాకు నములుతూనే ఎడమ చేత్తో మమ్మల్ని అదిలించేది, కుడి చేత్తో గారెలు తీసేది, మధ్యలో కోడళ్లకు పనులు పురమాయించేది. నోరూ చేతులూ ఒక్కసారే నడిచే మనిషి ఆమె.

అరుగు మీద వరసగా చేటలు పరిచేవారు. ఒక్కో చేటలో బియ్యం, పప్పు, చింతపండు, ఒక సొరకాయ ముక్క, గుప్పెడు చిక్కుడుకాయలు. అయ్యగారు పేరూ వరసా అడిగితే మా నాయిన చెప్పేవాడు: తాత చంద్రయ్య, నాయినమ్మ లచ్చమ్మ, అలా పైతరం దాకా. ఆ చేటలన్నీ అయ్యగారి సంచిలోకి పోయాక చివరికి ఒక్కటి మిగిలేది. దాన్ని అయ్యగారు ముట్టేవాడు కాదు, మేమూ ఇచ్చేవాళ్లం కాదు. అది సైదమ్మ చేట.

మా ప్రాంతంలో సైదులు, సైదమ్మ అన్న పేర్లు ఇంటికొకటి ఉంటాయి గనక పేరును బట్టి ఎవరి మనిషో చెప్పలేం. మా వంశంలో ఆమె ఎక్కడా తగలదు. ఎవరికీ భార్య కాదు, కూతురు కాదు, అక్కచెల్లెలు కాదు. అయినా నాయినమ్మ ఆ చేటను ఊరి చివరి వాడ నుంచి మా పొలానికి నాట్లకు వచ్చే పుల్లమ్మకు ఇచ్చేది. మిగతా రోజుల్లో పుల్లమ్మ మా వాకిలి దాటి ఎరగదు. దాహమైతే దోసిలి పట్టి నిలబడితే పైనుంచి నీళ్లు పోసేవారు. ఆ ఒక్క పూట మాత్రం ఆమె మా అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చునేది, మా నాయినమ్మ కింద కూర్చుని ఆ పగుళ్ల కాళ్లకు పసుపు రాసేది. ఊరంతా గడగడలాడే నాయినమ్మ! నేను నోరు తెరుచుకుని చూస్తుండిపోయేదాన్ని. ఎందుకని ఒకసారి అడిగాను.

"మా అత్త చేసింది, నేను చేస్తున్న. పెద్దలల్ల పెద్ద అంట. నువ్వు జర నోరు మూసుకొని సూడు."

అంతకు మించి ఆమెకూ తెలియదు.

తెలియనిచోట ఊహ ఊరుకోదు కదా. ఒకనాడు మధ్యాహ్నం వడ్ల గుమ్మి వెనక దాక్కుని ఆడుకుంటుంటే మా చిన్నాయిన ఎవరికో చెబుతున్నాడు, సైదమ్మ అంటే చంద్రయ్య తాత తండ్రి ఉంచుకున్న మనిషని, అందుకే పేరుంది గానీ వరస లేదని. పదేళ్లదాన్ని, సగమే అర్థమైంది. ఆ సగాన్ని దాచుకుంటే కడుపు ఉబ్బుతుందన్నట్టు, సాయంత్రం కచ్చకాయలు ఆడుతూ నా జతగత్తెలందరికీ చెప్పేశాను. నిప్పు లేనిదే పొగ రాదని ఇళ్లలో అమ్మలక్కలూ తేల్చేశారు. మరుసటి ఏడు పసుపు రాస్తుంటే నేను కిటికీలోంచి చూసి నవ్వాను కూడా. ఆ నవ్వు గుర్తొస్తే ఇవాళ్టికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

నాయినమ్మ పోయాక నాయిన ఆ ఆచారం వదల్లేదు. ఊళ్లో ఇల్లు కూలి, ఆయన కోదాడలో నా దగ్గరికి వచ్చాక మా వరండాలోనే చేటలు పరిచాం. పుల్లమ్మ పోయింది, వాళ్ల కోడలు బస్సెక్కి వచ్చి సైదమ్మ చేట తీసుకెళ్లేది. పోయినేడు మిర్యాలగూడ నుంచి చిన్నాయిన వచ్చాడు, వెంట కొత్త వియ్యపువాళ్లు. అయ్యగారూ కొత్తవాడే, చిన్నవాడు. చివరి చేట చూసి, "ఈమె మీకు ఏమవుతారండీ?" అని మామూలుగా అడిగాడు. 

"ఏం కాదు," అన్నాడు చిన్నాయిన. "నలుగుట్ల నగుబాటు. ఈసారితో ఖతం చెయ్యి అన్నా."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి, ఆయనతో వాదన దండగ. నాయిన ఆ రోజు అన్నం ముట్టలేదు. ఎనభై దాటిన మనిషి, అరవై ఏళ్లుగా ఒక పేరు పలుకుతున్నాడు, ఆ పేరు ఎవరిదో చెప్పలేకపోయాడు. తాను పోతే ఆ పేరూ తనతోనే పోతుందని ఆయన భయం. రాత్రి మంచం దగ్గరికి పిలిచాడు. "నువ్వు జనాభా లెక్కలు రాసినదానివి గద బిడ్డ. ఆమె యాడనన్న ఉంటదేమో సూడు."

టీచరు ఉద్యోగంలో రెండుసార్లు జనాభా లెక్కల డ్యూటీ చేశాను నేను. ఎండలో గల్లీ గల్లీ తిరిగి, "ఇంటిపెద్ద పేరు?" అని అడిగీ అడిగీ గొంతు ఎండిపోయినదాన్ని. అయితే నేను రాసిన కాగితాలే ఎటుపోయాయో నాకు తెలియదు, నిజాం కాలం నాటివి ఎక్కడ దొరుకుతాయి? ఆఫీసుల్లో నవ్వారు. పాత భూముల పహాణీల్లో మా చంద్రయ్య తాత పేరు దొరికింది గానీ ఆపైన ఏమీ లేదు. ఆరు నెలలు తిరిగాక, మా ఊరి పాత పట్వారీ మనుమడు సూర్యాపేటలో ఉన్నాడని తెలిసి వెళ్తే, అటక మీది నుంచి ఎర్రగుడ్డ మూట ఒకటి దింపాడు. చెదలు తిన్నంత తిని వదిలేసిన దస్తావేజులు, అన్నీ ఉర్దూలో. వాళ్ల తాత ఎందుకో జనాభా లెక్కల నకలు ఒకటి ఇంట్లో ఉంచుకున్నాడట. ఆ ఇంట్లో దాన్ని చదివేవాళ్లు ఎవరూ లేరు, నాకూ అలిఫ్ ముక్క రాదు.

ఆ ఇంటికి రెండు వీధుల అవతల రిటైరైన ఉర్దూ సార్ ఉంటే మూటను ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన భూతద్దం పెట్టుకుని, పేజీలు ఊదుతూ, ఇల్లు ఇల్లూ చదువుతూ పోయాడు. మా ఊరి మనుషులు ఒక్కొక్కరే లేచి వస్తున్నట్టుంది: కుమ్మరి ఫలానా, వయసు ఇంత, వితంతువు ఫలానా, గుడ్డిది. చాయ్ చల్లారిపోయింది. ఉన్నట్టుండి ఆయన వేలు ఆగింది.

"ఇంటిపెద్ద సైదమ్మ. ఆడమనిషి. వయసు ఇరవై. పని కూలి."

కులం గడిలో మా కులం లేదు, ఊరి చివరి వాడవాళ్లది ఉంది. మొగుడి పేరు ఉండాల్సినచోట 'నదారద్' అని ఉంది, లేడని. ఆమె కింద ముగ్గురు పిల్లలు: ఏడేళ్ల వెంకయ్య, నాలుగేళ్ల రాములు, ఏడాది నిండని చంద్రయ్య. ముగ్గురి తండ్రి పేరూ మా చంద్రయ్య తాత తండ్రి పేరే, పక్కన 'ఫౌత్' అని, అంటే పోయాడని. తల్లి పేరు పక్కనా ఫౌత్. పక్కన చిన్న అక్షరాలతో రాసింది సార్ రెండుసార్లు చదివాడు. "వబా అని రాసిండమ్మా. అంటే గత్తర, కలరా. గీ పిల్లల ఇంట్ల పెద్దోళ్లందరు ఒక్కసారే పోయిన్రు."

అయిన వాళ్లు ఎవరూ ఆ పిల్లల దగ్గరికి పోలేదన్నమాట. పొలం పనికి వచ్చే మనిషి పోయి ఎత్తుకుంది. నేను లేవబోతుంటే సార్ ఆపాడు. చంద్రయ్య ఎదుట ఇంకో మాట ఉందన్నాడు. 'శీర్‌ఖార్', పాలు తాగే పిల్లవాడని.

 తల్లి చచ్చిన బిడ్డ పాలు తాగుతున్నాడంటే ఎవరి పాలు? పాలున్నాయంటే సైదమ్మకూ ఒక బిడ్డ పుట్టి ఉండాలి. జాబితా కింది నుంచి పైకి, పై నుంచి కిందికి నాలుగుసార్లు చదివించాను. ఆ బిడ్డ లేదు. గత్తరలో పోయిందో, ఇంకెట్లా పోయిందో రాయడానికి గడి లేదు. నేను లెక్కలు రాసిన కాగితాల్లోనూ అలాంటి గడి ఉండేది కాదు. అది వంద ఏళ్లు దాటిన కాగితం. మేము, మా చిన్నాయినా, ఆయన వియ్యంకులకు పుట్టబోయే మనుమలూ అందరం ఆ పాల మీద నిలబడ్డ మనుషులం. ఆమె గురించి నేను కచ్చకాయల ఆటలో ఏం చెప్పానో ఆ క్షణాన గుర్తొచ్చింది. బస్సులో కోదాడ దాకా ఏడుస్తూనే వచ్చాను.

ఇంటికొచ్చి నాయినకు అంతా చెప్పాను. చిన్నాయినకూ ఫోన్లో చెప్పాను.

ఈ ఏడు పెత్రమాసకు చిన్నాయిన మిర్యాలగూడ నుంచి పొద్దున్నే దిగాడు, చేటలు తనే పరిచాడు. తంగేడు పూలు అంగట్లో కొన్నాం, కోసుకునే గట్లు ఇప్పుడు ప్లాట్లయ్యాయి. మా అరుగూ లేదు, వడ్ల గుమ్మీ లేదు, ఆ ఉర్దూ చదివిన సార్ కూడా ఎండాకాలంలో పోయాడు. ఇక మా ఊరి పాత మనుషుల పేర్లు చదివి వినిపించేవాళ్లు నాకు తెలిసి లేరు. వాడలో సైదమ్మ ఇల్లు ఎక్కడో, ఆమె రూపమేమిటో, ఎన్నేళ్లు బతికిందో ఎవరికీ తెలియదు.

అయ్యగారు మళ్లీ అడిగాడు, ఏమవుతారని.

"తల్లి," అన్నాడు నాయిన. "మా తాతకు తల్లి."

అయ్యగారు ఆ చేట మీద చెయ్యి వేసి పేరు చెప్పాడు. అయిపోయిందనుకుని లేవబోయాడు. నాయిన నా వైపు చూసి వంటింట్లోంచి గిన్నెడు పాలు తెమ్మన్నాడు. దాన్ని సైదమ్మ చేట పక్కన పెట్టాడు.

"ఇది ఎవరి పేరిట?"

"ఆమె బిడ్డకు. పేరు తెల్వదు."

"పసిపిల్లలకు ఇవ్వరండీ."

"తెలుసు అయ్యగారు," అన్నాడు నాయిన. "ఆ పసిదాని పాలు తాగింది మేము."