మేనకోడలి కార్డులో ఖాళీ గడి

పదో తరగతితో నా బడి చదువు ఆగిపోయింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా ప్రొద్దుటూరు గ్రంథాలయంలోనే. నేను పనిచేసే బట్టల అంగడికి సెలవున్న రోజు పొద్దున్నే పోయి, తలుపులు మూసేదాకా కూర్చునేవాణ్ణి. చట్టం, చరిత్ర, వైద్యం, ఏది దొరికితే అది. ఇంట్లో ఎవరికి ఏ అనుమానం వచ్చినా నన్నే అడిగేవారు. వాళ్ళు నన్నే అడగాలని నాకూ ఉండేది.

మా చెల్లెల్ని పెద్దముడియం దగ్గర ఒక పల్లెలో ఇచ్చాం. ఆమె కూతురికి తొమ్మిది నెలలు నిండాక, తట్టు రాకుండా వేసే సూదికి అంగన్‌వాడీకి రమ్మని నర్సమ్మ కబురు చేసింది. చెల్లెలు అక్కణ్ణుంచే నాకు ఫోన్ చేసింది.

"అన్నా, పాపకు జలుబు చేసింది. ఒళ్ళు రవ్వంత ఎచ్చగుండాది. ఈ పొద్దు సూది ఏపిచ్చాల్నా, వద్దా?"

నేను గ్రంథాలయంలోనే ఉన్నాను. ఉండమని చెప్పి, బీరువాలోంచి శిశు సంరక్షణ పుస్తకం తీసుకుని వరండాలోకి వచ్చాను. జ్వరంతో ఉన్న బిడ్డకు టీకా వాయిదా వేయాలని ఒక పేజీ చివర కనిపించింది. "వద్దుమ్మా. పుస్తకంలోనే రాసినారు" అన్నాను.

అవతల నర్సమ్మ గొంతు వినిపించింది. "ఏం మే, మీ అన్న ఏమన్నా డాక్టరా?"

"కాదు మేడం. శానా బుక్కులు చదువుతాడు."

ఆ మాట విని వరండాలో నిలబడి మురిసిపోయాను.

మరుసటి నెల నర్సమ్మ మళ్ళీ వచ్చింది. అప్పటికి పాపకు ఏ జబ్బూ లేదు. అయినా చెల్లెలు నన్నే అడిగింది. "ఇంగో నెల సూద్దాం" అన్నాను. ఒకసారి వద్దన్నవాణ్ణి, అంతలోనే సరేననడం నామోషీ అనిపించింది. అంతకు మించి కారణమేమీ లేదు.

ఎండాకాలంలో వాళ్ళ వీధికి తట్టు వచ్చింది. పాప ఒళ్ళంతా ఎర్రగా పేలింది. చెల్లెలి అత్తగారు, అమ్మవారు పోసిందని గుమ్మానికి వేపమండలు కట్టి, ఆస్పత్రికి తీసుకుపోకూడదంది. ఇలాంటి నమ్మకాల మీద అంగట్లో ఎన్ని ఉపన్యాసాలిచ్చానో నాకే తెలుసు. పాపను చూడటానికి పోయినప్పుడు ఆ గుమ్మం ముందు మాత్రం నోరు తెరవలేదు. ఆస్పత్రికి పోతే ముందు టీకాల కార్డు అడుగుతారు.

దద్దు తగ్గింది గానీ పాప చెవిలోంచి చీము కారసాగింది. అప్పుడు ప్రొద్దుటూరు తెచ్చారు. డాక్టరు కార్డు చూసి, ఖాళీ గడి మీద వేలు పెట్టి, "ఇది ఎందుకు వేయించలేదు?" అన్నాడు.

నేను పక్కనే ఉన్నాను. చెల్లెలు నా వైపు చూడలేదు. "మర్సిపోయినా సార్" అంది.

వాళ్ళను దిగబెట్టడానికి జమ్మలమడుగు బస్సులో నేనూ ఎక్కాను. అత్తగారు దారి పొడుగునా చెల్లెల్ని సాధించింది. "సీరియల్ ఎప్పుడన్నా మర్సిపోయినావా మే? బిడ్డ సూది మర్సిపోతివే! సూడప్పా, మీ చెల్లెలి సంబడం. అంత చదివినోడివి, నువ్వన్నా చెప్పల్ల గదా!"

నేను ఊఁ కొట్టాను. పాప నా ఒళ్ళో నిద్రపోతోంది.

తర్వాత సెలవు రోజున ఆ పుస్తకం మళ్ళీ తీశాను. పేజీ తిప్పగానే ఉంది. మామూలు జలుబు, కొద్దిపాటి జ్వరం టీకాకు అడ్డు కావు. పెద్ద జబ్బు చేసి ఆపినా, తగ్గగానే తప్పకుండా వేయించాలి.

పాపకు ఇప్పుడు ఆరేళ్ళు. ఎడమ చెవి సరిగా వినపడదు. ఆ పక్కనుంచి పిలిస్తే పలకదు. తర్వాత పుట్టిన కొడుక్కి చెల్లెలు ఒక్క సూది కూడా తప్పకుండా వేయించింది. నన్ను అడగలేదు. నేను పోతే మాత్రం ఎప్పటిలాగే ముందు నాకే వడ్డిస్తుంది. పాప పలకనప్పుడల్లా అత్తగారు "మర్సిపోయిన తల్లి" అని దెప్పుతుంది.

పోయిన వారం కూడా అంది, నా ఎదురుగానే. చెల్లెలు నా ముందు నీళ్ళ చెంబు పెట్టి లోపలికి పోయింది.

"మా చెల్లెలు మర్సిపోలేదత్తా. సూది ఏపిచ్చొద్దని నేనే చెప్పినా" అన్నాను.

అత్తగారు నవ్వింది.

"అంత చదివినోడివి, నువ్వట్లంటావా? చెల్లెల్ని ఎనకేసుకొస్తాండావులే అప్పా."