అంబలిలో బిళ్ళగన్నేరు

చొక్కా మెడ గుండీ పెట్టుకుంటుంటే వేలికి చిన్న గడ్డ తగిలింది. నొప్పి లేదు, అందుకే అనుమానం వచ్చింది. అది డెబ్బయ్యో దశకం చివరి మాట. నేను జహీరాబాద్ హైస్కూల్లో సైన్సు చెప్పేవాడిని. సాయంకాలం జ్వరం మొదలయ్యాక ఊళ్లో డాక్టరు టీబీ అన్నాడు. రుజువేమిటని అడిగాను.

"రుజువు కావాల్నంటే పట్నం పోవాలె మాస్టరూ!"

పోయాను. అక్కడి పెద్దాసుపత్రిలో గడ్డ ముక్క తీసి చేసిన బయాప్సీలో హాడ్జ్‌కిన్స్ లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్ అని తేలింది.

"మందున్నదా సార్?" అని అడిగింది నా వెంట వచ్చిన అమ్మ.

"ఉన్నది తల్లీ. మేమిచ్చే వింక్రిస్టిన్ మీ వాకిట్ల పూసే బిళ్ళగన్నేరు నుంచి తీసిందే," అన్నారు పెద్ద డాక్టరు.

నేను నమ్మలేదు, విడిగా అడిగాను. ఆ మొక్క షుగరుకు పనిచేస్తుందేమోనని ల్యాబులో పరీక్షిస్తే, ఎలుకల్లో తగ్గింది షుగరు కాదు, రక్తంలోని తెల్ల కణాలట. అయితే క్యాన్సర్ కణాల మీద పనిచేయొచ్చని ఏళ్లపాటు వడపోసి, కొలిచి, రోగి దాకా తెచ్చారు. అనుకున్నది జరగలేదని ఒప్పుకున్న ఆ శాస్త్రం నాకు నచ్చింది.

ఇంజెక్షన్ల కోసం చెరకు బండ్లను దాటుకుంటూ బస్సులో పట్నం వెళ్లేవాళ్లం. అమ్మ ఒళ్లో జొన్న అంబలి డబ్బా. ఆ ప్రయాణాలు ఇప్పటికీ నాకు ఇష్టమైన జ్ఞాపకాలే. గడ్డ కరిగింది. వేళ్లు తిమ్మిరెక్కేవి. అంబలి చేదుగా ఉండేది. మందులకు నోరు చెడిందనుకున్నాను.

అంతలో తెల్ల కణాల కౌంట్ బాగా పడిపోయింది.

"ఇట్లయితే ఇంజెక్షన్ ఇయ్యలేను. ఆపితే గడ్డ మళ్ల లేస్తది. ఇంట్ల వేరే మందేమన్న తీసుకుంటున్నవా?" అన్నారు డాక్టరు.

"లేదు," అన్నాను.

పక్కనే ఉన్న అమ్మ అందుకుంది: "నేను పోస్తున్న గద సార్! బిళ్ళగన్నేరు ఆకు నూరి అంబట్ల కలుపుతున్న. మీరు సూదిల, నేను అంబట్ల. జల్ది తక్కువైతదని."

"ఎంత ఆకమ్మా?"

"పిడికెడు. బిడ్డ నీరసమున్న నాడు ఇంకింత."

డాక్టరు తల పట్టుకున్నారు. "మేము కొలిచి కొలిచి, భయపడుకుంట ఇస్తం తల్లీ. నువ్వు పిడికిట్ల ఇస్తున్నవు!"

"ఆ చెట్టు మందని మీరే చెప్పిన్రు."

"చెప్పిన. వండుమన్ననా?"

అమ్మ నవ్వలేదు. "నా చేత్తోటి బిడ్డకు విషం పోసిన్నా సార్?"

"ఆకు చేసిందో, మా మందే చేసిందో నేను చెప్పలేను. కౌంటును రెండూ తగ్గిస్తయి. ఆకు ఆపు, చూద్దాం."

కొన్ని వారాలకు కౌంట్ లేచింది; చికిత్స పూర్తయింది. ఎన్నో ఏళ్లు గడిచాయి. అమ్మ లేదు, నేనున్నాను. ఆ ఆకు కీడు చేసిందనడానికి నా దగ్గర ఈనాటికీ రుజువు లేదు. కానీ అమ్మను ఆ రోజు బయట కూర్చోబెట్టి ఉంటే, నేనన్న "లేదు" అనే మాటే నిజమని కేసు షీటులో రాసుకునేవారు.

అందుకే ఒక్క సలహా: డాక్టరు గదిలోకి మీకు వండిపెట్టేవారిని కూడా తీసుకెళ్లండి.