పెద్దమ్మ సర్దిన వసంతం

వసంతం వస్తే చెట్లకు చిగుళ్ళొస్తాయి. మా ఇంట్లో సామాన్లకు కాళ్ళొస్తాయి. నడిపించేది మా పెద్దమ్మ. మోసేది నేను.

పెద్దమ్మ గోడలకు రంగు వేయించదు, మేకు కొట్టనివ్వదు, కొత్త వస్తువు గుమ్మం దాటి రానివ్వదు. ఉన్నవాటినే ఇటువి అటు, అటువి ఇటు జరిపిస్తుంది. వెలిసిన పరదాలను తిరగేసి కుడుతుంది. ఆ తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుని, "చూశావా? కొత్త ఇల్లు!" అంటుంది. కొత్త ఇంట్లో నా మోకాలికి తగిలేది మాత్రం ఆ పాత బల్లే.

ఒక ఏడు వంటింటి అలమర హాల్లోకి వచ్చింది. వచ్చిన చుట్టాలు ఉప్పు డబ్బాతో ముఖాముఖి కూర్చుని మాట్లాడారు. ఇంకో ఏడు నా మంచం దిశ మారింది. నిద్రలేచి నేరుగా గోడలోకి నడిచాను. బస్సు డ్రైవరుగా పనిచేసిన పెదనాన్న అయితే ఆ రోజుల్లో డ్యూటీ దిగి వచ్చి, "రూటు మారిందా?" అని అడిగిగానీ లోపలికి అడుగు పెట్టేవాడు కాదు.

ఈ ఏడు తప్పించుకున్నాననుకున్నాను. చలికాలంలో పెదనాన్నకు పక్షవాతం వచ్చి ఎడమ కాలు పట్టు తప్పింది. ఇప్పుడు నడవకపోతే ఇక మంచమే గతి అన్నాడు డాక్టరు. కర్ర తెస్తే పెదనాన్న విసిరికొట్టాడు. నేను చెయ్యి పట్టుకోబోతే, "ఊరంతటినీ తిప్పినవాణ్ణి. నన్ను నువ్వు తిప్పుతావురా?" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

వీధి చెట్టుకు చిగురు కనబడిందో లేదో, పెద్దమ్మ నడుం బిగించింది.

"మనిషి మంచంలో ఉంటే ఇప్పుడెందుకు పెద్దమ్మా?"

"వసంతం ఆయన కోసం ఆగుతుందా? బీరువా పట్టు."

ఉద్యోగం కోసం తిరిగి తిరిగి అప్పుడే వచ్చాను. బీరువా మోయడానికి మాత్రం ఏ అనుభవమూ ఎవరూ అడగరు.

బీరువా పెదనాన్న మంచం పక్కకు చేరింది. దాని వెనక కుట్టు మిషను, ఆ వెనక చెక్క కుర్చీ, ఆ తర్వాత కిటికీ దాకా భోజనాల బల్ల. కిటికీ దగ్గర పడక్కుర్చీ. ఇంటి నట్టనడుమ సామాన్లన్నీ వరసలో నిలబడ్డాయి.

"ఇది ఇల్లా, గోడౌనా?"

"అందం సంగతి నీకేం తెలుసు? ఆ చెక్క కుర్చీ మీద నీ బరువంతా వేసి ఊపు."

ఊపాను. ఊగింది. పెద్దమ్మ నా పుస్తకాల్లోంచి పల్చటిదొకటి లాగి కుర్చీ కాలి కింద దోపింది.

"అయ్యో, అది ప్రపంచ చరిత్ర!"

"ఇన్నాళ్ళకు ఒకదానికి పనికొచ్చింది. మళ్ళీ ఊపు."

మర్నాడు పొద్దున్న వీధి మలుపులో ఏదో బస్సు గేరు కరకరలాడింది.

"ఎవడ్రా ఆ వెధవ!" పెదనాన్న లేచి కూర్చున్నాడు. బీరువా పట్టుకుని నిలబడ్డాడు. "అడుగు తీసి అడుగు వెయ్యడానికి చోటుంచదు కదా ఈ మనిషి!" అని తిడుతూనే అడుగు తీసి అడుగు వేశాడు. చెయ్యి మిషను మీదికి మారింది, అక్కణ్ణుంచి కుర్చీ వీపు మీదికి. నేను పరుగెత్తబోయాను. ఉల్లిపాయలు కోస్తున్న పెద్దమ్మ నా చొక్కా పట్టుకుని లాగింది.

"కదలకు. సాయమని తెలిస్తే కూలబడతాడు. తిట్టుకోనీ."

ఆవిడ చూపు చేతిలోని ఉల్లిపాయ మీదే ఉంది. కత్తి మాత్రం కదలడం లేదు.

పెదనాన్న బల్ల అంచు పట్టుకుంటూ కిటికీ చేరి, ఆ డ్రైవర్నీ, వాడికి బండి నేర్పినవాణ్ణీ కలిపి తిట్టి పడక్కుర్చీలో కూర్చున్నాడు. ఆయాసం తీరాక వెనక్కి తిరిగి, మంచం దాకా ఉన్న ఆ వరసను మెల్లిగా చూశాడు.

"ఏమే, ఇక్కడితో ఆపేశావేం? వీధి గుమ్మం దాకా ఇంకేమీ దొరకలేదా?"

పెద్దమ్మ నా వైపు చూసింది. తర్వాత నేను చదువుకునే బల్ల వైపు చూసింది.

పుస్తకాలు నేలమీద పెట్టి, బల్ల భుజానికెత్తుకున్నాను.

"మెల్లిగా! గీతలు పడతాయి!" ఇద్దరూ ఒకేసారి అరిచారు.